గొర్రెలు నాటిన టమాటా తోట

అన్నదమ్ములు వేరుపడ్డ రోజున భిక్షపతికి చెలక వచ్చింది, బీరన్నకు మంద వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని తెంచిన పంచాయితీ కాదది. అన్నకు నడవడమంటే చిరాకు, తమ్ముడికి ఒక్కచోట కూర్చోవడమంటే చిరాకు. ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకున్నారు. నాలుగెకరాల ఎర్ర చెలక, అందులో ఒక బోరు పెద్దవాడికి. డెబ్బై గొర్రెలు, రెండు కుక్కలు చిన్నవాడికి. కుక్కల్లో ఒకటి వారం తిరక్కుండానే పెద్దవాడి ఇంటికి తిరిగి వెళ్లిపోయింది. పెద్దవాడి భార్య నర్సింగమ్మ చేతి వంట తిన్నవాళ్లెవరూ దాన్ని తప్పు పట్టలేదు.

బీరన్న భార్య గుర్వమ్మకు నడకా ఇష్టమే, మట్టీ ఇష్టమే. భర్త పోయాక మందను తానే తోలుకుంటూ, బావ చెలకలో బోరు పక్కనున్న రెండెకరాలు కౌలుకు పట్టింది. ఏటా ఉగాదికి ఒక పొట్టేలు, అదే కౌలు. కాగితం లేదు. పొట్టేలును తీసుకెళ్లి బావ వాకిట్లో గుంజకు కడితే కౌలు ముట్టినట్టు, ఆ ఏడాది చెలక గుర్వమ్మదన్నట్టు. ఆ లెక్కన పదకొండేళ్లు గడిచాయి. ఒక ఏడు ఆముదం, ఒక ఏడు కంది, మధ్యలో ఒకసారి మిరప. అన్నీ ఆమె చేత్తో విత్తినవే.

కాకపోతే కాగితాల్లో గుర్వమ్మ లేదు. పాసుబుక్కు భిక్షపతిది. రైతుబంధు భిక్షపతి ఖాతాలో పడేది. ఒక వానాకాలం పంటలు రాసుకోవడానికి వ్యవసాయ శాఖ సారు వచ్చి, మిరపకు నీళ్లు కడుతున్న గుర్వమ్మ ఎదురుగా నిలబడి, భిక్షపతి మిరప అని రాసుకున్నాడు.

"సారూ, గా కాయితంల నా పేరు గూడ ఓ మూలకు రాయరాదు?" అని అడిగింది.

"నీకు గడి లేదమ్మా ఇందులో."

"గడి లేకుంటె గీసుకో సారూ. నీ దగ్గర పెన్నున్నది గద."

సారు నవ్వి స్కూటరెక్కాడు. గుర్వమ్మ కూడా నవ్వింది కానీ, ఆ మాట ఆమె కడుపులో ఉండిపోయింది. ఆ రెండెకరాలు తనవి కావని ఆమెకు తెలుసు. వాటిలో పండింది మాత్రం తనదని, ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు రాయాలి. అంతకన్నా ఆమె ఎక్కువేం కోరలేదు.

రెండువేల ఇరవై మూడు ఉగాది నాడు ఎప్పట్లాగే పొట్టేలును పట్టుకుని బావ వాకిట్లోకి వెళ్లింది. భిక్షపతి అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు.

"బావా, పొట్టేలు తెచ్చిన."

"ఈసారి వద్దులే గుర్వమ్మా."

"బక్కగున్నదా? ఇంకోటి తెస్త."

"పొట్టేలుకేం, నా కంటె బలంగున్నది. చెలక అల్లుడు చేస్తనన్నడు."

అల్లుడు శివకృష్ణ అటుపక్క మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. భిక్షపతి బిడ్డ స్వర్ణ మొగుడు. హైదరాబాదులో కారు నడిపేవాడు. ఆ పని విసుగొచ్చి, వ్యవసాయం చేద్దామని వచ్చాడు. వ్యవసాయంలో విసుగు ఎట్లా ఉంటుందో అతనికింకా తెలియదు.

"ఏం పెడ్తవు అల్లుడా?"

"మందుల్లేని మిర్చి, చిన్నత్తా. వీడియోల చూసిన. ఎకరానికి మస్తు లాభమట."

"వీడియోల పురుగు గూడ చూపెట్టిండ్రా?"

శివకృష్ణ మళ్లీ ఫోన్‌లోకి తల వంచాడు. గుర్వమ్మ పొట్టేలును వెనక్కి తోలుకొచ్చింది. దారి పొడుగునా అది ఆగి ఆగి వెనక్కి చూసింది, ఇదేం పద్ధతి అన్నట్టు. పదకొండేళ్లలో ఆ వాకిట్లోంచి తిరిగొచ్చిన పొట్టేలు అదొక్కటే. మధ్యాహ్నానికి నర్సింగమ్మ దగ్గర్నుంచి గిన్నె నిండా పూర్ణం బచ్చాలు వచ్చాయి. తోటికోడలికి కోపం వచ్చినా, సిగ్గు వచ్చినా, జాలి వచ్చినా వండి పంపడమే తప్ప ఇంకో భాష రాదు. గుర్వమ్మ తింది. తిని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. బచ్చాల్లో బెల్లం ఎక్కువైందని పైకి అంది.

ఏప్రిల్ నెలలో శివకృష్ణే వెతుక్కుంటూ వచ్చాడు.

"చిన్నత్తా, మన చెలకల ఐదు దినాలు మంద వెడ్తవా? రెండు సంచుల జొన్నలిస్త."

రాత్రిపూట మందను చేలో ఆపితే పెంటికలు పడి నేల బలపడుతుంది. దానికి చేను గలవాళ్లు జొన్నలో, బియ్యమో ఇస్తారు. మంద పెట్టమని అడిగితే కాదనడం గొర్రెలు కాసే కురుమల ఇంట్లో లేదు. దాహమడిగినవాడికి నీళ్లు లేవన్నట్టే అది. తన చెలక లాక్కున్నవాడే అడిగినా సరే.

"పెడ్త అల్లుడా," అంది గుర్వమ్మ. "నీ మిరపకు పురుగు వట్టకుండ మాత్రం నా గొర్లు చూడయి. అది నువ్వే చూస్కోవాలె."

ఆ రోజుల్లో టమాటాకు ధర లేదు. రైతులు బండికిరాయి కూడా రాదని ఆత్మకూరు తొవ్వ పక్కన ట్రాలీలకు ట్రాలీలు పారబోసి పోయారు. మేత కరువు రోజులు. గుర్వమ్మ మందను అటు తోలింది. గొర్రెలు మొదట వాసన చూసి తల తిప్పుకున్నాయి. తర్వాత ఒక ముసలి గొర్రె ధైర్యం చేసింది. ఇక చూసుకో, ఐదు రోజులూ పగలంతా డెబ్బై మూతులు ఆ కుప్పల్లోనే. సాయంత్రం రోడ్డు దాటుతుంటే మూతులన్నీ ఎర్రగా కారుతున్నాయి. బస్సులోంచి ఒకామె తల బయట పెట్టి, "అయ్యో, గొర్లన్నిటికి ఏమైందే!" అని అరిచింది.

"ఏంగాలేదమ్మా, తాంబూలమేసుకున్నయి!" అని గుర్వమ్మ కూడా అరిచింది.

పగలు టమాటా తిని, రాత్రి చెలకలో పడుకుని, గొర్రెలు తమ పని తాము చేశాయి. ఐదోరోజు తెల్లవారి శివకృష్ణ వచ్చి, నేల మీద నల్లగా పరుచుకున్న పెంటికలను చూసి మురిసిపోయి ఫోటో తీసుకున్నాడు. అప్పుడే అతనికి పాత యజమాని ఫోన్ చేశాడు. పెళ్లిళ్ల సీజను, డ్రైవర్లు దొరకడం లేదు, రెండు నెలలు రమ్మన్నాడు. మిరప నారుకు ఇంకా టైముంది గదా అని శివకృష్ణ హైదరాబాదు వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో వానలు ముందే పడ్డాయి, గాలిదుమారాలతో, అడ్డదిడ్డంగా. మే మధ్యలో గుర్వమ్మ మందతో చెలక గట్టు మీద పోతుంటే లోపల పచ్చగా ఏదో కనపడింది. తోటకూరేమో అనుకుంది. దిగి ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. టమాటా. ఇంకో అడుగు వేసింది. అదీ టమాటా. గట్టు నుంచి బోరు దాకా, ఎక్కడ గొర్రె పడుకుందో అక్కడల్లా ఒక గుత్తి టమాటా మొలకలు.

గుర్వమ్మ అక్కడే కూలబడి నవ్వింది. ఒంటరిగా, చెలక మధ్యలో, గొర్రెలు మేత ఆపి చూసేంతగా.

ఆ నవ్వు తెలిసినవాళ్లకు తెలుసు. ముందు భుజాలు కదిలేవి, తర్వాత ముక్కుపుడక కదిలేది, చప్పుడు అన్నిటికన్నా ఆఖర్న వచ్చేది. పోయినేడు ఆమె పోయింది. ఆమె గొంగడి ఒకరికిచ్చారు, కర్ర ఒకరికిచ్చారు, మంద అమ్మేశారు. ఇప్పటికీ ఆ గట్టు మీద ఎవరన్నా వెనక నుంచి నవ్వితే, ముందు భుజాలు కదిలాయో లేదో చూడబుద్ధవుతుంది.

ఆమె దొంగ కాదు. ముందు అల్లుడికే ఫోన్ చేయించింది.

"అల్లుడా, నీ చెలకల టమాట మొలిచింది. ఏం జేద్దాం?"

"కలుపు చిన్నత్తా అది! నేనొచ్చినంక దున్నిస్త. అప్పటిదాక నువ్వేమన్న చేస్కో." వెనకాల హారన్లు. ఫోన్ పెట్టేశాడు.

ఏమన్న చేస్కో అన్నాడు కాబట్టి చేసింది. ఒత్తుగా ఉన్నచోట మొలకలు తీసి పల్చగా ఉన్నచోట నాటింది. కలుపు తీసింది. తుమ్మకంప కొట్టుకొచ్చి చుట్టూ కంచె వేసింది. కంచె ఎవరికి అడ్డమంటే, తన మందకే. గొర్రెలు కంపకు ఇవతల నిలబడి మొహాలు వేలాడేసుకునేవి, మేం తిని మేం వేసిన దాని మీద మాకే హక్కు లేదా అన్నట్టు. నీళ్ల సంగతి ఒక్కటే ఆమె చేతిలో లేదు. మోటరు డబ్బా తాళంచెవి భిక్షపతి ఇంట్లో ఉంది. అయినా రెండు రోజులకొకసారి, కరెంటు వచ్చినప్పుడు, మోటరు దానంతటదే మోగేది. ఎవరు వేస్తున్నారని గుర్వమ్మ అడగలేదు. అడిగితే ఆగిపోయే పనులు కొన్ని ఉంటాయి.

జులై ఆఖరుకు తోట ఎరుపెక్కింది. సరిగ్గా అప్పుడే టమాటా ధర కూడా ఎరుపెక్కింది. కిలో నూట యాభై అంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నమ్మాక అందరూ పప్పులో చింతపండుకు మళ్లారు. టమాటా ఉన్న ఇల్లు ఒక్క గుర్వమ్మదే. పొద్దున లేస్తే భిక్షపతి స్టీలు గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు.

"గుర్వమ్మా, నాలుగు టమాటలియ్యి. మీ అక్క పులుసు వెడ్తదట."

"తీస్కపో బావా."

నాలుగడిగితే ఎనిమిది వేసేది. ఊళ్లో ఎవరి చేలోనైనా ఒక్క పచ్చిమిరపకాయ తెంపాలన్నా అడిగే తెంపుతారు. అడగడం మర్యాద, ఎక్కువ ఇవ్వడం ఎదురు మర్యాద. అందులో ఇంకేదో అర్థం ఉందని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

రెండు నెలలని వెళ్లి మూడో నెలా హైదరాబాదులోనే ఉన్న శివకృష్ణకు, అక్కడ టమాటా ధర చూశాక తన చెలక గుర్తొచ్చింది. కారు వేసుకుని ఇంటికి కూడా పోకుండా నేరుగా చెలక దగ్గరే దిగాడు.

"చిన్నత్తా! మన టమాట మస్తు గాసింది గద!"

"మొన్న కలుపంటివి. ఇయ్యాల మనదైందా అల్లుడా?"

"చెలక నేను వట్టిన గద. చెలకల ఏది మొలిస్తే అది నాదే."

"మంద నాది గద. నా గొర్లు తెచ్చి నాటినయి."

"గొర్లు నాటుడేంది చిన్నత్తా! అవి…" అని ఆగి, ఆ మాటను మర్యాదగా ఎట్లా చెప్పాలో తెలియక, "అవి వేరే పని మీదొచ్చినయి," అన్నాడు.

కారు చూసి ఊళ్లోంచి వచ్చిన భిక్షపతి మధ్యలో దూరాడు. "గొర్రె ఈనితె పిల్లంటరు. గొర్రె వేస్తె పెంటంటరు. పెంట జాగదారుకే పోతది."

"అట్లనా బావా? మరి మొన్న ఆ ఐదు దినాలల్ల నా గొర్రె ఒకటి మీ చెలకలనే ఈనింది. పిల్ల జాగదారుదా? తోలుకపో మరి, పాలు తాపు!"

చుట్టూ చేరిన నలుగురూ నవ్వారు. ఆ నవ్వే శివకృష్ణను కోర్టు దాకా తీసుకెళ్లింది. అత్తగారి ఊళ్లో అల్లుడిని చూసి నవ్వకూడదు. మర్నాడు గుర్వమ్మ పన్నెండు బుట్టలు తెంపి ఆటోలో వేస్తుంటే, శివకృష్ణ ఆటోకు అడ్డంగా కారు పెట్టాడు. వారంలో ఆత్మకూరు కోర్టు నుంచి గుర్వమ్మకు కాగితం వచ్చింది. మామ, అల్లుడు ఇద్దరూ వేసిన దావా. పట్టాదారు, కౌలుదారుల పంటలోకి గుర్వమ్మ అడుగు పెట్టకుండా ఆపాలని. కాగితం చదివించుకుని గుర్వమ్మ ఒక్కటే అడిగింది.

"అండ్ల నా పేరున్నదా?"

"ఉన్నది. ప్రతివాది అని."

"ఎట్లనో అట్ల పేరైతె ఎక్కింది," అంది. కానీ ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. పంట దగ్గర పేరెక్కాలని కోరుకుంటే పంట నుంచి గెంటే కాగితంలో ఎక్కింది.

మొదటి వాయిదాలో కోర్టు, తేలేదాకా ఎక్కడిదక్కడ ఉండాలి, ఎవరూ తోట ముట్టొద్దు అంది. గుర్వమ్మకు వకీలు లేడు. లేచి నిలబడింది.

"అమ్మా, ఎక్కడిదక్కడుండాలంటె మేముంటం. టమాటలకెవరు చెప్పాలె? అవి వాయిదాలకు ఆగయి."

జడ్జమ్మ చిన్న వయసామె. నవ్వాపుకుని, ఇది ఇంటి గొడవలా ఉంది, లోక్ అదాలత్‌లో కూర్చుని మాట్లాడుకోండని సెప్టెంబరు రెండో శనివారానికి వేసింది. వంట అవసరానికి తెంపుకుంటే కోర్టుకు అభ్యంతరం లేదని కూడా చెప్పింది.

ఆ నెల రోజులు తోట పండి, రాలి, మళ్లీ పూసింది. మామా అల్లుళ్లు గుర్వమ్మతో మాట్లాడటం మానేశారు. పొద్దున పూట మాత్రం భిక్షపతి గిన్నెతో రావడం మానలేదు.

"ఏంది బావా, కేసేసి టమాటలడుగుతున్నవు?"

"కేసు కేసే గుర్వమ్మా, పులుసు పులుసే. నాలుగియ్యి."

శనివారం నాడు కోర్టు వరండాలో బల్ల వేశారు. ఒకవైపు భిక్షపతి, శివకృష్ణ, వాళ్ల వకీలు బాలకృష్ణ. ఇంకోవైపు గుర్వమ్మ, ఆమె గొంగడి. నర్సింగమ్మ కూడా వచ్చింది. మొగుడి పక్కన కూర్చోకుండా, తోటికోడలి పక్కన కూర్చోకుండా, రెండు బెంచీల మధ్య అన్నం టిఫిను పట్టుకుని నిలబడింది.

బాలకృష్ణ మంచి మాటకారి. "మేడం, ఈ పంటను ఎవరూ విత్తలేదు. కాలం వల్ల, వాన వల్ల తనంతట తానే మొలిచింది. తనంతట మొలిచింది నేల హక్కుదారుకు పోతుంది. ఇకపోతే గొర్రెల వాదన. మంద పెట్టినందుకు రెండు సంచుల జొన్నలు తీసుకున్నారు. అంటే ఎరువు అమ్మేశారు. అమ్మిన ఎరువులో విత్తనం ఉంటే, విత్తనం కూడా అమ్మినట్టే."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. గుర్వమ్మకు కూడా ఆ మాట బాగుందనిపించింది. వకీలుంటే ఇట్లాంటివాడుండాలె అనుకుంది.

జడ్జమ్మ ఆమెకేసి చూసింది. "నువ్వేమంటావు?"

"పెంట అమ్మిన మాట నిజమే అమ్మా. జొన్నలు తిన్న. గని పెంట ఇచ్చినంక కలుపెవలు దీసిండ్రు? కంప ఎవలు గొట్టిండ్రు? అల్లుణ్ని ఫోన్ల అడిగితె ఏమన్న చేస్కో అన్నడు. ఏమన్నల టమాట వస్తదా రాదా?"

"కలుపు గురించన్న మేడం!" అన్నాడు శివకృష్ణ.

"మరి నీళ్లు? మోటరు తాళం మీ ఇంట్లోనే ఉంది కదా?" అని జడ్జమ్మ భిక్షపతిని అడిగింది.

భిక్షపతి నోరు తెరిచేలోపు మధ్యలోంచి నర్సింగమ్మ అంది, "నేనేసిన."

"నువ్వా!" అన్నాడు భిక్షపతి.

"నేనే. నువ్వు పండుకున్నంక తాళం తీస్కపోయి. దాని చెట్లు ఎండుతుంటె చూస్కుంట కూసుంటనా?"

బాలకృష్ణ కళ్లు మెరిశాయి. "చూశారా మేడం! భూమి పట్టాదారుది, నీళ్లు పట్టాదారు భార్యవి!"

"ఆగయ్యా వకీలు సాబ్, నా మాట ఇంక ఒడ్వలే," అంది నర్సింగమ్మ. టిఫిను బల్ల మీద పెట్టింది. "ఈయన పంట నాది, పంట నాదని సంతకం వెట్టిండు గద. నెలన్నర సంది రోజు పొద్దుగాల గిన్నె వట్టుకొని దాని గుమ్మంల నిలవడి, గుర్వమ్మా నాలుగు టమాటలియ్యి అని అడుక్కొస్తడు. ఇగో, ఈ పులుసు గూడ ఇయ్యాల పొద్దుగాల అడుక్కొచ్చిన టమాటలదే. తనదైతె అడుగుడెందుకు? చెలకలకు పొయ్యి తెంపుకునేది లేదా? నా పుట్టువల ఎవడన్న తన చెలక పంటను పక్కింట్ల అడిగింది చూడలే."

వరండాలో అందరి చూపూ టిఫిను మీదికి వెళ్లింది. బల్ల మీద టిఫిను నుంచి టమాటా పులుసు వాసన వస్తోంది.

జడ్జమ్మ భిక్షపతి వైపు తిరిగింది. "నిజమేనా?"

భిక్షపతి తల గోక్కున్నాడు. "అడుగుడైతె అడిగిన అమ్మా."

"ఎందుకడిగారు?"

"ఆమె పంట గద…" అనేశాడు. అని, అన్నదేమిటో తనకే వినపడి, అల్లుడి వైపు చూశాడు. బాలకృష్ణ పెన్ను మూత పెట్టాడు. గుర్వమ్మ భుజాలు కదిలాయి, ముక్కుపుడక కదిలింది. కానీ చప్పుడు రాలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. పదకొండేళ్లలో బావ నోట ఆ మాట వినడం అదే మొదలు. అదీ మొగమాటానికి కాదు, పొరపాటున. పొరపాటున వచ్చిన మాటే నిజమైన మాటని ఆమెకు తెలుసు.

ఆ తర్వాత అంతా సులువుగానే జరిగింది. రాజీ కాగితం టైపు చేయించారు. సదరు టమాటా పంట సాగుదారు గుర్వమ్మ, భర్త బీరన్న. ఆ పంట పూర్తయ్యేవరకు చెలక ఆమె స్వాధీనంలో ఉండాలి. పూర్తయ్యాక శివకృష్ణకు అప్పగించాలి. కాగితం ఇస్తూ, "సమ్మతమేనా?" అని జడ్జమ్మ అడిగింది.

"నా పేరున్న వరుస ఏదమ్మా?"

జడ్జమ్మ వేలు పెట్టి చూపించింది. గుర్వమ్మ ఆ వరుస మీద తన వేలు పెట్టి, చివరిదాకా జరిపింది, ఎంత పొడుగుందో చూసుకుంటున్నట్టు.

అప్పటికే టమాటా ధర పడిపోయింది. ఊళ్లోకి రాగానే ఒకరిద్దరు ఎకసెక్కాలాడారు. "గెలిస్తివి గని గంపెడు టమాట కొనేటోడు లేడు గద గుర్వమ్మా!"

"అమ్ముకుందామని గెల్వలేదు లే," అంది.

శివకృష్ణ పెద్దమనిషిలా ఊరుకున్నాడు. టమాటా ఎన్నాళ్లుంటుంది, నెలా రెండు నెలలు. దసరా పోయాక వచ్చి చూశాడు. ముదురు కొమ్మలు కోసేసి ఉన్నాయి, కింద నుంచి కొత్త చిగుళ్లు. దీపావళి దాటాక వచ్చాడు. రాలిన పళ్ల నుంచి మళ్లీ మొలకలు. డిసెంబరులో వచ్చాడు. మొలకలు మొక్కలయ్యాయి. తోట నడుమ గుర్వమ్మ వంగి కలుపు తీస్తోంది.

"చిన్నత్తా, ఈ పంట ఎప్పుడైపోతది?"

"నాకేం దెలుసు అల్లుడా? పంట ఒడ్సేదాక అని రాసిండ్రు. అది ఒడుస్తలేదు."

అతను వకీలుకు ఫోన్ చేశాడు. గట్టు మీద నడుస్తూ చాలాసేపు మాట్లాడాడు. ఫోన్ పెట్టేసి వచ్చి, గట్టు మీద కూర్చుని, చెప్పులు విడిచి, మట్టిలో కాళ్లు పెట్టాడు. మొహంలో కోపం లేదు. అలసిపోయి ఉన్నాడు.

"నిజం జెప్పాల్నా చిన్నత్తా, నాతోని కాదు ఈ వ్యవసాయం. ఒక్క దినం వంగితె నడుం వట్టేసింది. కారే నయం. చెలక నువ్వే చేస్కో. మామకు చెప్పి ఒప్పిస్త."

"ఉట్టిగ చేస్కో అంటె చెయ్య."

"పొట్టేలు తెచ్చి కట్టు మరి."

"పొట్టేలు కడ్త. గని కాయితం రాయాలె. మూడేండ్లు. పంట ఎవరిదో అండ్ల ఉండాలె."

శివకృష్ణ నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. వారం తిరక్కుండా ఆత్మకూరు నుంచి స్టాంపు కాగితం తెచ్చాడు. మామ అరుగు మీదే కూర్చుని తనే రాశాడు. అతని చేతిరాత ఎంత గుండ్రంగా ఉంటుందో అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చదివి వినిపించాడు. భిక్షపతి సంతకం పెట్టాడు. గుర్వమ్మ వేలిముద్ర వేసింది. నర్సింగమ్మ చాయ తెచ్చింది.

కాగితం మడిచి రవికలో పెట్టుకుని గుర్వమ్మ నేరుగా చెలకకు వెళ్లింది. వెనకాల శివకృష్ణ కూడా వెళ్లాడు. వెళ్లేసరికి ఆమె తోటలో మొదటి సాలు దగ్గర కూర్చుని, పూతమీదున్న టమాటా మొక్కను మొదలంటా పీకి గట్టున పడేసింది. ఇంకోటి పీకింది.

"అయ్యో, ఏంది చిన్నత్తా! ఏడు నెలలు గింత తిప్పలవడి బతికిచ్చినవు గద!"

"ఏం జెయ్యమంటవు, అవి వాటంతటవే మొలిచినయి. నాకు నేను విత్తుకుంది కావాలె." లేచి నడుం పట్టుకుని చెలక అంతా ఒకసారి చూసింది. "కంది వెడ్దాం రానున్న వానకాలం. ముందు ఇదంత సాఫు జేసి, ఎండకాలమంత నేల ఆరనియ్యాలె. చెప్పులిప్పి రా అల్లుడా, ఆ చివర నుంచి నువ్వు పీక్కుంట రా."